పువ్వులు మింగిన నా పుస్తకం

పుస్తకమన్నాక చదివేవాళ్ళను కట్టిపడేయాలంటారు. నా పుస్తకం ఒకావిడను ఎంత గట్టిగా కట్టిపడేసిందో, దానివల్ల ఒక పెళ్ళికూతురి చీరకు ఏ గతి పట్టిందో చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి. మా చిన్నమ్మ మాత్రం ఇంకా నవ్వలేదు.

నేను బడికి పోలేదు. పెనుకొండలో మా అవ్వే ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. దైవం దయ, అవ్వ చలవ. ఇద్దరికీ రోజూ దండం పెట్టుకుంటాను. నేర్చినదానితో ఊరుకోక పుస్తకం రాశాను చూడండి, ఆ పాపంలో వాళ్ళకు భాగం లేదు.

అందులో నాయిక పేరు సుగుణ. కోడికంటే ముందు లేస్తుంది, దీపం పెడుతుంది, అత్తమామలకు మొక్కుతుంది. రెండో అధ్యాయంలోనూ లేస్తుంది, దీపం పెడుతుంది. ఆమెకు కోపం రాదు. జలుబు కూడా రాదు. నాయన మురిసిపోయి హిందూపురంలో అచ్చు వేయించాడు. ఇక నా కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు!

ఆ ఊపులో ధర్మవరం వెళ్ళాను. చిన్నమ్మ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పెళ్ళిచీర నేస్తోంది. హిందూపురం వాళ్ళది, ముహూర్తం ముంచుకొస్తోంది. పక్కనే ఫోన్‌లో సీరియల్. అత్త కోడలి కాఫీలో ఏదో పొడి కలుపుతోంది. చిన్నమ్మ చెవులు అటు, కళ్ళు ఇటు. జరీ పువ్వు వెనకాల జరీ పువ్వు ముచ్చటగా పడుతోంది.

కళ్ళెదుట ఒక ఆత్మ ఇలా పాడైపోతుంటే ఊరుకోగలనా? ఫోన్ ఆపేశాను.

"ఏందే పాపా, ఆపేస్తివి! ఆ బిడ్డ కాఫీ తాగిందో లేదో!"

"అది దేవుడు చూసుకుంటాడు చిన్నమ్మా. నా పుస్తకం చదువుతా, విను."

"దాంట్లో ఎవురన్నా కాఫీ తాగుతారా?"

"సుగుణ కాఫీ ముట్టదు."

"అయితే కానీమ్మా," అంది, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచిన మనిషిలా.

చదివాను. కాసేపటికి చిన్నమ్మ తల ఊపడం మొదలుపెట్టింది. సుగుణ దీపం పెట్టినప్పుడల్లా ఒక ఊపు. ఎంతటి రసజ్ఞురాలు! ఇంకాస్త రాగం తీసి చదివాను. పేజీ పేజీకీ ఊపు పెరిగింది. మగ్గం చప్పుడు మాత్రం ఆగలేదు. కళ్ళు మూతపడినా ఆమె కాళ్ళూ చేతులూ నేసుకుపోతాయి. పువ్వు ఎక్కడ వేయాలో మాత్రం కళ్ళే చెప్పాలి. ఆ ముక్క నాకేం తెలుసు?

సాయంత్రం పెళ్ళికూతురి తల్లి వచ్చి మగ్గం మీదికి వంగింది.

"ఏందమ్మా ఇది? మూరెడు బట్టకు పువ్వులే లేవు! యాడికి పోయినాయి?"

చిన్నమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "కాఫీ తాగిందా?" అంది మొదట. తర్వాత చీర చూసుకుంది. ఇక ఏడుపే ఏడుపు.

"ఇప్పుడు విప్పి నేస్తే ముహూర్తానికి అందదు. నా చేతి నేతకు ఇన్నాళ్ళూ మాట రాలేదు. ఈ సుగుణమ్మ పుణ్యమా అని ఈ పొద్దు వచ్చె! రేపట్నించి నాకెవురు పని ఇస్తారే?"

తప్పు చిన్నమ్మది కాదని తెలియాలి కదా. జరిగినదంతా చెప్పాను: ఫోన్, కాఫీ, దీపాలు, తల ఊపడం. పెళ్ళికూతురి తల్లి కుర్చీ ముందుకు లాక్కుంది. "ఊ, తర్వాత?" అంది.

నా పుస్తకం విన్నవాళ్ళెవరి నోటా రాని మాట అది!

చివరికి ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పోనీలేమ్మా, ఆ మూరెడు కుచ్చిళ్ళలోకి పోతాది. మిగతాది నీ చేత్తోనే నెయ్యి," అంది చిన్నమ్మతో. నా వైపు తిరిగి, "అయితే మా అత్తకు నిద్ర పట్టదు. రేయీ పగలూ నా మీదే కాపలా. ఆ సుగుణను నాకియ్యి," అంది.

ఇచ్చాను. ఈమధ్య ఆ పెద్దావిడ కనిపించి, "శానా సుఖంగా ఉండాది తల్లీ నీ పుస్తకం," అని దీవించింది. ఇంకా మొదటి దీపం దగ్గరే ఉందట.

కదిరి నరసింహస్వామి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మగ్గం ముందు, పొయ్యి ముందు, బండి నడిపేవాళ్ళ పక్కన ఆ పుస్తకం తెరవను. మళ్ళీ రాసే బుద్ధి పుడితే, నాయిక చేతిలో మొదటి పేజీలోనే కాఫీ గ్లాసు పెడతాను. తాగిందో లేదో చివరిదాకా చెప్పను.