జగ్గయ్యపేట సిస్టర్లు, నందిగామ సిస్టర్లు

దేవమణి పుట్టింది పెనుగంచిప్రోలులో, కాపురం జగ్గయ్యపేటలో. అక్కడి ఆసుపత్రిలో మామూలు నర్సుగా చేరింది. ఆ యాజమాన్యమే నందిగామలో రెండో ఆసుపత్రి తెరిచాక రెండుచోట్ల నర్సులకీ ఆమే పెద్ద అయింది.

ఆ ఏడాది యాజమాన్యం రెండు ఆసుపత్రులకీ విడివిడిగా నర్సింగ్ ఎక్సలెన్స్ సర్టిఫికేట్ కోసం దరఖాస్తు పెట్టింది. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి మందులు ఇచ్చే పద్ధతి దాకా బయటివాళ్లు వచ్చి చూసి, బాగుందంటేనే అది ఇస్తారు. మొదట్లో అందరూ హుషారుగానే ఉన్నారు. నెలలు గడిచేకొద్దీ, ట్రైనింగ్ క్లాసు ఉందంటే మొహాలు వేలాడేస్తున్నారు. నందిగామలో నీహారిక అనే కొత్త నర్సు మొహమాటపడకుండా అడిగేసింది.

"సర్టిఫికేట్ తెచ్చి గోడకి తగిలిస్తారు. మాకేంటి మేడమ్?"

దేవమణికి కోపం రాలేదు. బస్సులో ఇంటికి వెళుతూ అదే ఆలోచించింది. నేర్పేదీ తనే, తప్పులు పట్టేదీ తనే. ఇక వాళ్లకి మిగిలిందేముంది, తలూపడం తప్ప? చిల్లకల్లు దాటేసరికి ఆమె మనసులో ఒక నిర్ణయం కుదిరింది. ఇల్లు చేరేదాకా ఆగలేక బస్సులోంచే నీహారికకి ఫోన్ చేసింది.

"రేపు జగ్గయ్యపేట రా. తనిఖీ నువ్వే చేస్తున్నావు."

మర్నాడు దేవమణి రోగిలా మంచం మీద పడుకుంది. అక్కడి సీనియర్ నర్సు సూసన్ ఉత్తుత్తి ఇంజెక్షన్ తెచ్చి, నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగండి సూసన్ గారూ, పేరు అడగలేదు మీరు" అంది నీహారిక.

"మేడమ్ పేరు నాకు తెలీదా?"

"పేషెంట్ చేతే చెప్పించాలి కదండీ. చేతికున్న పట్టీ మీద పేరు కూడా చూళ్లేదు."

వార్డంతా ఒక్కసారి నవ్వింది. సూసన్ మొహం కందిపోయింది. కాసేపటికి తనూ నవ్వేసింది. "వచ్చే వారం నందిగామ వస్తున్నా. కాచుకో."

అన్నట్టుగానే వచ్చింది. చేతులు శుభ్రం చేసుకునే మందు సీసాలు కర్టెన్ల వెనక ఉన్నాయని పట్టుకుంది. సాయంత్రంలోగా నీహారిక వాటిని ప్రతి మంచం పక్కకీ మార్చింది. ఆ తర్వాత తనిఖీకి వెళ్లే వంతు కోసం నర్సులు పోట్లాడుకోసాగారు. ఒకేలా కనిపించే వేర్వేరు మందుల సీసాలు తారుమారు కాకుండా ఎర్ర టేపు వేద్దామని నీహారిక చెబితే, రెండు ఆసుపత్రుల్లోనూ వేశారు.

అసలు తనిఖీదారులు వచ్చినరోజు, ఆ టేపు ఎందుకని అడిగారు. నర్సులందరూ ఒకేసారి చెప్పబోయారు. దేవమణి వెనక నిలబడి వింటూ ఉండిపోయింది. ఆమె నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు.

నందిగామకి సర్టిఫికేట్ వచ్చింది. జగ్గయ్యపేట మాత్రం వాడేసిన సూదులు పారేసే పద్ధతి సరిచేసి మళ్లీ చూపించాలన్నారు. సూసన్ దిగులుపడుతుంటే, సెలవురోజున నీహారిక మరో ఇద్దరిని వెంటబెట్టుకుని బస్సు దిగింది.

"మాది అయిపోయింది కదా, మీదీ చేసేద్దాం పదండి" అంది.

కొద్ది వారాలకి రెండోదీ వచ్చింది. ఆ సాయంత్రం రెండు ఊళ్ల సిస్టర్లూ కలిసి దిగిన ఫొటోలో దేవమణి కళ్లు తుడుచుకుంటూ ఉంది. ఆమె చెయ్యి సూసన్ గట్టిగా పట్టుకుని ఉంది.