మంగాదేవి అడిగిన ముప్పావుగంట

2024 జూలై 9, మంగళవారం. సాయంత్రం నాలుగుంబావుకి కోల్‌కతా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో, మూడో అంతస్తు మూల ఇంట్లో, వైఫై వేగం 1.3 ఎంబీపీఎస్. కంపెనీవాళ్ళు ఇస్తామన్నది నలభై. ఆ అంకెను ఫోన్‌లో చూసి పైకి చదివినవాడు శ్యామసుందర్, సిగ్నల్ శాఖలో సీనియర్ టెక్నీషియన్. విన్నది అతని భార్య మంగాదేవి. దాని అర్థం ఆమెకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఎదురుగా మంచం మీద, దిండ్లకు ఆనుకుని కూర్చున్న అత్తగారు ఆండాళమ్మ ఒళ్ళోని టాబ్ వంక చూస్తోంది. టాబ్‌లో విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్న స్పీచ్ థెరపిస్టు లక్ష్మీసౌజన్య, నోరు సగం తెరిచి, అలాగే బిగిసిపోయి ఉంది.

‘నీళ్ళు’ అనే మాటలో మొదటి అక్షరం ఇక్కడికి చేరింది. రెండోది చేరేసరికి సౌజన్య పెదవులు వేరే మాటకు వెళ్ళిపోయాయి. ఆండాళమ్మ పలకబోయి, ఆగి, మళ్ళీ ప్రయత్నించి, చివరికి ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఏప్రిల్‌లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది గాని మాట రాలేదు. యాభై ఏళ్ళు చేపల బజారులో బెంగాలీతో, ఆసుపత్రుల్లో హిందీతో, ఇంట్లో తెలుగుతో నెట్టుకొచ్చిన మనిషికి ఇప్పుడు మొదటి రెండూ వినబడనట్టే ఉన్నాయి. కోల్‌కతాలో మొదట చూసిన థెరపిస్టు ఓపికగలవాడే. ఆయన బెంగాలీలో ఎంత అడిగినా ఆమె కళ్ళలో కదలిక కనిపించలేదు. తెలుగులో పిలిస్తే మాత్రం తల తిప్పేది, “అదీ… అదీ…” అనేది. ఆ ఒక్క మాటే మిగిలింది. అందుకే విశాఖపట్నంలోని సౌజన్యను వెతికి పట్టుకున్నారు. మంగళ, శుక్రవారాల్లో నాలుగింటి నుంచి ముప్పావుగంట పాఠం.

ఆ రోజు తెర మళ్ళీ కదిలినప్పుడు సౌజన్య తన సందేహాన్ని దాచుకోలేదు.

“ఇందులో అమ్మమ్మగారి లోపం ఏమీ లేదండీ. నా పెదవులు ఒకటి పలుకుతుంటే ఆవిడకి వినిపించేది ఇంకొకటి. మామూలు మనుషులమే తికమకపడతాం. తొలి నెలలు చాలా విలువైనవి, వాటిని ఇలా పోనివ్వకూడదు. వచ్చే వారం కూడా ఇంతే అయితే, కష్టమైనా ఇక్కడికి తీసుకొచ్చి రెండు మూడు నెలలు ఉంచండి.”

మంగాదేవి తల ఊపింది. జబ్బు చేశాక, గాలి వస్తుందని మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపితేనే రెండు పూటలు అన్నం ముట్టని మనిషి ఆండాళమ్మ. ఆమెను రైలెక్కించి తెలియని ఊళ్ళో, తెలియని గదిలో నెలల తరబడి ఉంచడం అంటే ఏమిటో మంగాదేవి ఊహించగలదు. ఆ ఊహనే ఆమె ఆ రాత్రి వంట చేస్తున్నంతసేపూ పక్కకు నెట్టడానికి ప్రయత్నించింది.

శ్యామసుందర్ మరునాడే పని మొదలుపెట్టాడు. అతని శాఖలో ఒక పద్ధతి ఉంది. ఏ పరికరం మూత తెరవాలన్నా ముందు స్టేషన్ మాస్టరుకు చెప్పాలి, ఆయన ఒప్పుకున్నాకే తీగ మీద చెయ్యి వెయ్యాలి. ఇంట్లోనూ అదే పాటించాడు. “మంగా, రూటర్ ఆపుతున్నాను. సరేనా?” అని అడిగి, వంటింట్లోంచి జవాబు వచ్చేదాకా స్విచ్ దగ్గరే నిలబడ్డాడు. పప్పు తిరగమోతలో ఉన్న మంగాదేవి వెంటనే పలకలేదు. అతనూ కదలలేదు.

“సరేనండీ బాబూ, ఆపీండి,” అని చివరికి ఆమె అరవవలసి వచ్చింది.

ఆపి, వెలిగించినా మార్పు లేదు. కేబుల్ కుర్రాడు వచ్చి, బయటినుంచి వచ్చే తీగను నేరుగా తన లాప్‌టాప్‌కు తగిలించి చూస్తే నలభై నిండుగా చూపించింది. పెట్టె పాతబడిందని, కొత్తది కొనుక్కోమని చెప్పి వెళ్ళిపోయాడు. దోషం ఎక్కడుందో తేలకుండా పరికరాన్ని మార్చడం శ్యామసుందర్‌కు పడదు. లైను మంచిదని తేలింది కనుక ఆ సంగతి వదిలిపెట్టి, తర్వాతి దానికి వెళ్ళాడు.

రూటర్ ఇనుప బీరువా పైన, స్టీలు డబ్బాల వెనకాల ఉండేది. దుమ్ము పడకుండా మంగాదేవి అల్లిన ఊలు ముసుగు ఒకటి దాని మీద ఉండేది. ఆ ఇంట్లో టీవీకీ, మిక్సీకీ, ఫోటోలకూ ముసుగులున్నాయి. రూటర్ ఒక్కటీ ఏం పాపం చేసిందని ఆమె దానికీ అల్లింది. శ్యామసుందర్ ముసుగు తీసి, పెట్టెను ఆండాళమ్మ గది గుమ్మం పక్క గోడకు బిగించాడు. వేగం పెరిగింది. ఉదయం చూస్తే ముప్పైకి దగ్గరగా ఉంది. శుక్రవారం నాలుగింటికి మాత్రం మళ్ళీ మూడుకు పడిపోయింది. సౌజన్య బొమ్మ కదులుతూనే, గొంతు తెగుతూ వచ్చింది. ఆండాళమ్మ ఈసారి గోడవైపు తిరగలేదు, కళ్ళు మూసుకుంది. అది మరీ బాధగా అనిపించింది మంగాదేవికి. ఫోన్ నెట్‌తో ప్రయత్నిద్దామంటే ఆ మూల ఇంట్లో సిగ్నల్ మేడమీదికి ఎక్కితే గాని దొరకదు. ఆండాళమ్మను మేడ ఎక్కించలేరు.

“పొద్దున్న బాగుండి, సాయంత్రం పాడైందంటే పెట్టెలో లోపం కాదు. రద్దీ,” అన్నాడు శ్యామసుందర్. ఇంట్లో ఉన్న రెండు ఫోన్లూ ఆపేశాడు. అయినా వేగం పెరగలేదు. అతను గుమ్మంలో నిలబడి ఆలోచిస్తుంటే మంగాదేవి మరచెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకు అప్పటికే సంగతి తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె గురించి కొంచెం చెప్పుకోవాలి. పలాసలో పుట్టి, ఇరవయ్యో ఏట పెళ్ళై ఈ క్వార్టర్లకు వచ్చింది. అప్పటినుంచి ఆ మెట్ల మీద ఎక్కి దిగే ఆరు కుటుంబాలకూ ఆమె ఇల్లే ఉమ్మడి కొట్టు. కరివేపాకు కుండీ ఆమెది, కోత అందరిది. కుక్కర్ వాషర్, జ్వరం చూసే గొట్టం, పండుగకి ఇత్తడి గంగాళం, ఏది కావాలన్నా అక్కడికే వస్తారు. ఇచ్చినదాన్ని గురించి ఆమె మళ్ళీ మాట్లాడదు. తనకేదైనా అవసరమైతే మాత్రం, పక్కింటి తలుపు కొట్టేకన్నా అది లేకుండా గడిపేస్తుంది. పెట్టే చెయ్యే గాని చాచే చెయ్యి కాదని అత్తగారు ఆమెను మెచ్చుకున్నట్టూ, దెప్పినట్టూ అంటూండేది.

లాక్‌డౌన్‌లో కూతురు సమీర చదువు కోసం ఈ రూటర్ కొన్నారు. అప్పుడు, బెంగాలీలో బౌది, అంటే వదిన, అని అందరూ పిలిచే కిందింటి షెఫాలీ పిల్లలకూ ఆన్‌లైన్ పాఠాలే. బౌది మొహమాటంగా అడగబోతుంటేనే మంగాదేవి పాస్‌వర్డ్ చెప్పేసింది. తర్వాత శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్ళకు పసుపు, కుంకుమ, తాంబూలం ఇస్తూ, ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే బాగోదని అందరికీ చెప్పింది. మరుసటి ఏడు కొత్తగా వచ్చినవాళ్ళకూ చెప్పింది. సమీర ఉద్యోగానికి భువనేశ్వర్ వెళ్ళిపోయింది. పాస్‌వర్డ్ మాత్రం మెట్ల మీదే తిరుగుతూ ఉంది. భర్తకు చెప్పలేదు. రైల్వేలో పరికరం తాళం ఇంకొకరికి ఇవ్వడం ఎంత తప్పో అతని నోటంట ఆమె పెళ్ళైనప్పటినుంచీ వింటోంది.

ఆదివారం మౌక్తిక వచ్చింది. మంగాదేవి అక్కగారి అమ్మాయి, హైదరాబాద్‌లో పెరిగి, కోల్‌కతా న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. కాళ్ళు కడుక్కుని, తను అమ్మమ్మ అని పిలిచే ఆండాళమ్మ చెయ్యి నిమిరి, తన లాప్‌టాప్‌లో రూటర్ పేజీ తెరిచింది. కాసేపు చూసి, పిన్ని వైపు తిరిగింది.

“పిన్నీ, ఈ పెట్టె మీద పద్దెనిమిది ఫోన్లూ, నాలుగు టీవీలూ వేలాడుతున్నాయి. మీ ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులు.”

శ్యామసుందర్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. మంగాదేవి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా.

“నేనే ఇచ్చీసేను,” అంది. “పేరంటంలో. అందరికీని.”

మౌక్తికకు నవ్వు వచ్చింది గాని, బాబాయ్ ముఖం చూసి ఆపుకుంది.

“తాంబూలంలో పెట్టి ఇచ్చేవేటి?” అన్నాడు శ్యామసుందర్.

“తాంబూలంతో పాటు.”

అతను కోప్పడలేదు. దోషం దొరికినప్పుడు మనసు తేలికపడే మనిషి అతను. ఆ దోషం తన ఇంటిదే అయినా ఆ తేలికదనం ముఖంలో కనిపించింది. పాతకాలపు పెట్టె ఇంతమందిని మోయలేదనీ, సాయంత్రం పిల్లలు బడినుంచి వచ్చి, డ్యూటీ దిగినవాళ్ళు సినిమాలు పెట్టుకునే వేళకే పాఠం పడుతోందనీ మౌక్తిక వివరించింది. కొత్త పెట్టె కొన్నా, ఇదే పాస్‌వర్డ్ ఉంటే ఇదే గుంపు వస్తుందని కూడా చెప్పింది. పాస్‌వర్డ్ మార్చడం రెండు నిమిషాల పని. వేళ్ళు కీల మీద పెట్టి, ఏం పెట్టమంటావని పిన్నిని అడిగింది.

“వద్దు,” అంది మంగాదేవి.

“పిన్నీ, అమ్మమ్మ మాట పోతుంటే…”

“అత్తమ్మ పడిపోయిన రోజు మీ బాబాయ్ ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. కుర్చీలో కూకోబెట్టి మూడంతస్తులూ దింపినది ఆనందరావు అన్నయ్యగారు. ఆయనకి నడుం నొప్పి. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, నాతోటి వచ్చి రాత్రంతా ఆసుపత్రిలో కూకున్నది బౌది. వాళ్ళ మొహం మీద తలుపేసీమంటావేటి?”

మౌక్తిక వేళ్ళు కీల మీదనుంచి తీసేసింది. అత్తగారి వైపు చూసిన మంగాదేవికి తను అన్న మాట న్యాయమేనా అన్న సందేహం అప్పుడే మొదలైంది. సగం చెప్పి ఆగిపోయే “అదీ” అన్న మాటతోనే ఆమె ఎన్నాళ్ళు గడుపుతుంది? విశాఖపట్నం రైలు మళ్ళీ కళ్ళముందు కనిపించింది.

“లైను మూయక్కర్లేదు,” అన్నాడు శ్యామసుందర్. “బ్లాక్ అడుగుదాం.”

పట్టాల మీద పని ఉన్నప్పుడు ఆ కాసేపు ఆ లైనులో రైళ్ళు నడవకుండా ఆపమని కంట్రోల్ ఆఫీసును అడిగి తీసుకునే వ్యవధినే రైల్వేవాళ్ళు బ్లాక్ అంటారు. పని అయ్యాక, లైను మళ్ళీ అప్పగిస్తారు. ఆ మెట్ల మీద ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ మాట తెలిసినవాళ్ళే. మౌక్తికకు మాత్రం వివరించవలసి వచ్చింది. ఆమె విని, పని జరిగేదేనని ఒప్పుకుంది. ఎవరైనా ఒక్కరు మరిచిపోతే చాలు, పాఠం మళ్ళీ తెగుతుందని హెచ్చరించింది.

“నేను అడగను,” అన్నాడు శ్యామసుందర్. “ఇచ్చినదానివి నువ్వు. అడగవలసినదానివీ నువ్వే.”

ఆ సాయంత్రం మంగాదేవి ఉతికిన చీర కట్టుకుని మెట్లు దిగింది. ప్రతిసారీ ఏదో ఒక గిన్నె చేతిలో ఉండే మనిషి, ఈసారి ఖాళీ చేతులతో వెళ్ళింది. మొదటి తలుపు ముందు నిలబడి, బెల్లు నొక్కకుండా వెనక్కి రాబోయింది కూడా. షెఫాలీ బౌది పూర్తిగా వినకుండానే ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని కోపగించి, కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మిగిలిన ఇళ్ళలో కూడా ఎవరూ కాదనలేదు. ఒకావిడ తమ టీవీ ఏ నెట్ మీద నడుస్తోందో తనకే తెలియదని, అది గోడలోంచి వస్తుందనుకున్నానని చెప్పింది.

చివరి ఇల్లు ఆనందరావుది. గూడ్సు రైలు గార్డు. డ్యూటీ దిగి వచ్చి, మధ్యాహ్నం నిద్ర తీరాక, పెద్ద టీవీలో పాత సినిమాలు వరసగా చూడడం ఆయనకున్న ఒకే ఒక వ్యసనం. బనీనుతో సోఫా అంతా నిండి కూర్చుని ఉన్నాడు. మంగాదేవి గుమ్మంలోనే నిలబడి, తడబడుతూ, మంగళ, శుక్రవారాల్లో నాలుగింటినుంచి ముప్పావుగంట బ్లాక్ కావాలని చెప్పింది.

ఆనందరావు టీవీ శబ్దం తగ్గించి, గంభీరంగా చూశాడు.

“కంట్రోల్ పర్మిషన్ ఉందేటి, చెల్లెమ్మా?”

“లేదన్నయ్యగారూ. మిమ్మల్నే అడుగుతున్నాను.”

“నన్ను అడగడం ఇదే మొదలు,” అన్నాడు ఆయన. “నువ్వొచ్చి ఏదైనా అడుగుతావేమోనని మా ఆవిడ ఇరవయ్యేళ్ళబట్టి చూస్తోంది. బ్లాక్ ఇచ్చీసేను, ఫో. పనైపోగానే లైన్ క్లియర్ మాత్రం చెప్పాలి. సినిమా మధ్యలో ఆగిపోతే నాకు గుండె ఆడదు.”

రెండు రోజుల తర్వాత, మంగళవారం నాలుగింటికి రూటర్ మీద రెండే పేర్లు ఉన్నాయి, టాబ్‌దీ, శ్యామసుందర్ ఫోన్‌దీ. పది నిమిషాలకు మూడో ఫోన్ ఒకటి తగులుకుంది. శ్యామసుందర్ ఆదివారమే మౌక్తిక దగ్గర పేజీ తెరవడం నేర్చుకున్నాడు. లేచి మెట్లు దిగేలోపల అదే వెళ్ళిపోయింది. కింద ఎవరో పిల్లవాడిని కేకలేయడం వినిపించింది. సౌజన్య గొంతు తెగలేదు. ‘నీళ్ళు’ అని ఆమె పెదవులు పలికినప్పుడే మాట కూడా వచ్చింది. ఆండాళమ్మ చాలాసేపు ఆ పెదవులనే చూసింది. ఆ రోజు ఏమీ పలకలేదు గాని, ముప్పావుగంటా ముఖం తిప్పుకోలేదు. పాఠం అవగానే మంగాదేవి మెట్ల దగ్గరికి వెళ్ళి, కిందికి వంగి, “క్లియరండీ” అని చెప్పి వచ్చింది.

శుక్రవారం సౌజన్య బొమ్మలు చూపించింది. ఆండాళమ్మ నీళ్ళను “నీళ్ళు” అంది. చెప్పును చాలాసేపు చూసి, కష్టంమీద, “చెప్పు” అంది. మూడో బొమ్మ గుమ్మడికాయ. ఆమె దాన్ని పరీక్షగా చూసి, స్పష్టంగా, “ఆనందరావు” అంది.

సౌజన్యకు ఆనందరావు ఎవరో తెలియదు. పక్కన కూర్చున్న మంగాదేవికి తెలుసు. ఎంత బిగబట్టినా ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతుంటే, ఆండాళమ్మ తెరమీదనుంచి చూపు మరల్చి, కోడలివైపు తిరిగింది. కనుబొమలు ముడిచింది.

“నవ్వకే,” అంది.

టాబ్‌లో సౌజన్య చేతిలోని బొమ్మను కిందికి దించింది. ఆవిడ ఇప్పుడు అన్నది మళ్ళీ చెప్పమని మంగాదేవిని అడిగింది. వస్తువుల పేర్లు ముందు వస్తాయని, ఇలాంటి మాటలు సాధారణంగా ఆలస్యంగా వస్తాయని, తన లెక్కలో ఇది ఇంకా రెండు నెలల తర్వాతి సంగతని చెప్పింది. విశాఖపట్నం ప్రయాణం ఊసు ఇక అక్కర్లేదని కూడా చెప్పింది. మంగాదేవి కళ్ళు తుడుచుకుంటూ వింది. అవి నవ్వి వచ్చిన నీళ్ళో, వేరేవో, ఆమె విడదీసుకునే ప్రయత్నం చెయ్యలేదు.

ఆండాళమ్మ మాత్రం గుమ్మడికాయ ఏమైందన్నట్టు, బొమ్మ లేని తెరవైపు చెయ్యి చూపించి, “అదీ,” అంది.