మా అమ్మ రేకులో సన్నటి తేడా

మా అమ్మ వేసిన పూతరేకుకి వంక పెట్టినవాళ్లు ఆత్రేయపురంలో లేరు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిచి అలా తీస్తే, కాగితం కన్నా పల్చటి పొర. ఆ రేకుల మీద వచ్చిన డబ్బుతోనే నేను ఫిజిక్సు చదివి, విశ్వం తొలి క్షణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. గర్వంగానే చెబుతున్నాను. వినయం నాకు పెద్దగా అచ్చిరాలేదు.

అమ్మకి ఒకటే బెంగ. రేకులు కొనడానికి వచ్చినవాళ్లు కూతురి చదువు గురించి అడిగితే "ఏదో ఆకాశం గురించండి" అని తల దించుకునేది. తన నోటితో చెప్పుకోలేకపోవడం ఆవిడకి చిన్నతనంగా ఉండేది.

ఈ వేసవిలో ఓ ఉదయం పట్టుబట్టింది. "నాకు అర్థమయ్యేలా చెప్పవే."

కుండ పక్కనే కూర్చున్నాను. "మొదట్లో అంతా దాదాపు ఒకేలా ఉండేదమ్మా. అయినా సన్నటి అలజడి పుడుతూ పోతూ ఉండేది. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టకుండా చోటంతా విపరీతంగా సాగిపోయింది. సెగ తగలగానే నీ పిండి నీళ్లు పొరై బిగుసుకున్నట్టు, ఆ అలజడి చెరిగిపోయే వ్యవధి లేక అలాగే నిలిచిపోయింది. ఒకచోట కాస్త చిక్కన, ఒకచోట పల్చన. తేడా లక్షలో ఒక వంతు."

"అంటే నా రేకులో తేడా ఉందంటావా?"

అలిగింది. మొహం తిప్పుకుని రెండు రేకులు తీసింది. తర్వాత తనే అడిగింది. "అంత సన్న తేడాకి ఇంత లోకం ఎలా వచ్చింది?"

నాకు ప్రాణం లేచివచ్చింది. "గోదాట్లో లంక ఎలా పడుతుంది? ఇసుక కాస్త మెరకైన చోటే ఇంకాస్త మేట వేస్తుంది కదా. అలాగే చిక్కగా ఉన్న చోటు చుట్టుపక్కల ఉన్నదంతా తనవైపు లాక్కుంది. చేరి చేరి నక్షత్రాలయ్యాయి."

"తేడా లేకపోతే?"

"ఏమీ ఉండేది కాదు. మనమూ ఉండేవాళ్లం కాదు."

మధ్యాహ్నం రాజోలు నుంచి ఒకావిడ రేకుల కోసం వచ్చింది. "అమ్మాయిగారు డాక్టరంట కదండీ. మా ఆయనకి నడుం నొప్పండి" అంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయ్, డాక్టరేనండి. మందుల డాక్టరు కాదండి."

ఒక రేకు తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. కొనేవాళ్లకి రేకులో లోపం చూపించడం అమ్మ జన్మలో చేయని పని. సన్నటి గీత ఒకటి వేలితో చూపించింది.

"ఇక్కడ కాస్త చిక్కగా వచ్చింది, చూసేరా? లోకం మొదట్లో ఇలాంటి తేడా ఎలా వచ్చిందో చెప్పే చదువండి మా అమ్మాయిది. అది లేకపోతే మీరూ లేరు, నేనూ లేనండి."

ఈసారి అమ్మ తల దించుకోలేదు. నేనే దించుకున్నాను, కళ్లు తుడుచుకోవడానికి.