మేస్త్రి కంటికి దొరికిన గాలి

చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పేస్తాడని మేస్త్రికి పేరు. ముప్పై ఏళ్లు ఆ పేరు మీదే షెడ్డు నడిచింది. అరవై దాటాక వినికిడి తగ్గసాగింది. రెండేళ్లలో ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి ముప్పాతిక పోయాయి. బళ్లు ఒక్కొక్కటే పక్క వీధి షెడ్లకు మళ్లాయి. "ఆయన పని అయిపోయింది" అని జనం అనుకునే మాట మాత్రం పెదవుల కదలికను బట్టి ఆయనకు బాగానే తెలిసేది.

అలాంటి రోజుల్లో ఇటుకలు మోసే పాత లారీ ఒకటి వచ్చింది. దాని డ్రైవరు మేస్త్రి భార్యకు తమ్ముడి వరస.

"బావా, పొద్దున్నే స్టార్టు కావాలంటే పది నిమిషాలు సెల్ఫు కొట్టాలి. ఒకసారి అందుకుంటే సాయంత్రం దాకా పేచీ లేదు. మూడు షెడ్లు తిరిగాను. బ్యాటరీ, ఫిల్టర్లు, పంపు అన్నీ మార్చారు," అని అరిచి చెప్పాడు.

"గొంతు చించుకోకురా. ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పు, పెదవులు చూసి పట్టేస్తారు. నా తిట్లన్నీ అలాగే పట్టేస్తున్నారు," అంది మేస్త్రి భార్య.

మేస్త్రి డీజిల్ లైనుకు ప్రెషర్ గేజి బిగించి ఇంజన్ నడిపించాడు. ఆపిన తర్వాత ముల్లు నిలబడాలి. అది చూస్తుండగానే సున్నాకు జారిపోయింది. లైన్లో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోంది.

"చుక్క కూడా కారడం లేదు కదా బావా?"

"పంపు పీల్చే వైపు చిల్లు పడితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. మునుపైతే ఆ సన్నటి ఈల విని పట్టేవాణ్ణి."

 మేస్త్రి లోపలికి వెళ్లి, లోపల పారేది కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి తెచ్చి పంపు ముందు బిగించాడు. ఇంజన్ నడుస్తుంటే అందులో బుడగలు బారులు తీరాయి. ట్యాంకు వదిలేసి డబ్బాలోంచి నేరుగా డీజిల్ ఇచ్చి చూశాడు. ఒక్క బుడగా లేదు. అంటే పంపు తప్పేం లేదు, గాలి ట్యాంకు నుంచి వచ్చే లైన్లోనే దూరుతోంది.

ఇక ఆ గొట్టం ముక్కను అతుకు అతుకుకూ వెనక్కి, ట్యాంకు వైపు జరుపుకుంటూ పోయాడు. నాలుగో అతుకు దగ్గర బుడగలు ఆగాయి. మూడో అతుకుకూ నాలుగో అతుకుకూ మధ్య ఉన్నది జానెడు రబ్బరు పైపు. మేస్త్రి లారీ కింద వెల్లకిలా పడుకుని దాన్ని ఊడదీసి వంచాడు. క్లిప్పు కింద వెంట్రుకంత పగులు.

"ఆ మూడు షెడ్ల వాళ్లలో ఒక్కడూ బండి కింద పడుకోలేదు బావా."

"చెవులు బాగుంటే నేనూ పడుకునేవాణ్ణి కాదేమో."

కొత్త పైపు వేసి లారీని రాత్రంతా అక్కడే ఉంచారు. తెల్లవారేసరికి పక్క షెడ్ల మెకానిక్కులు అటుగా ఏదో పని ఉన్నట్టు వచ్చి నిలబడ్డారు. మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి ఆనించి తలూపాడు. డ్రైవరు తాళం తిప్పీ తిప్పకముందే ఇంజన్ అందుకుంది. దాని అదురు అరచేతిలోంచి భుజం దాకా పాకింది. ఆపమని సైగ చేశాడు. మళ్లీ తిప్పించాడు. మూడుసార్లూ అంతే.

ఇటుకల లోడు పూర్తిగా ఎక్కాక మేస్త్రి తనూ వస్తానన్నాడు. ఎత్తెక్కే రోడ్డు మీద లారీ ఎక్కడా తడబడకుండా పోతుంటే, మేస్త్రి మోచెయ్యి కిటికీ బయట పెట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు.