పుల్లాకుల్లో దొరికిన పేరు

నా పేరు పుల్లమ్మ. ఈ మాట చెప్పాక ఎదుటివాళ్ళ మొహంలో ఏం కదులుతుందో చూడ్డం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ముందు కనుబొమలు లేస్తాయి. తర్వాత నవ్వొకటి పెదవి దాకా వచ్చి ఆగుతుంది. ఆ తర్వాత "పాతకాలం పేరండీ, బాగుంది" అంటారు. అంత బాగుంటే మీ పిల్లకి పెట్టుకోండి అనాలనిపిస్తుంది. అననులెండి. అరవై దాటాయి, ఓపికలు అయిపోయాయి.

బందరులో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. పిల్లలు నన్ను పుల్లైసు టీచరనేవాళ్ళు. నాకు వినపడదనుకునేవాళ్ళు పాపం. మొన్న బ్యాంకులో కొత్తగా వచ్చిన కుర్రాడు "ఫుల్లమ్మ గారూ" అని గట్టిగా పిలిచాడు, లైన్లో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్షరాలు దిద్దించినదాన్ని, ఆ కుర్రాడికి పకారానికీ ఫకారానికీ తేడా చెప్పే శక్తి లేక సంతకం పెట్టి ఇంటికొచ్చేశాను.

పుల్లాకు అంటే అన్నం తిని వదిలేసిన విస్తరి. ఎంగిలాకు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళల్లో, ఆ తర్వాత పుట్టినదాన్ని ఎంగిలాకుల మీద దొర్లించి, "ఇది మా పిల్ల కాదు, పుల్లాకుల్లో దొరికింది" అని చెప్పేవాళ్ళు. చెప్పేది ఊళ్ళోవాళ్ళకి కాదు, చావుకి. ఎంగిలి ముట్టుకోవడానికి దానిక్కూడా అసహ్యం వేసి వదిలేసి పోతుందని ఆశ. నా పేరుకి అర్థం అదీ. మీరు మీ పిల్లలకి వెన్నెలనీ వెలుగనీ అర్థాలు చెప్పుకుంటారు, నేను ఇది చెప్పుకోవాలి.

మా అమ్మది దివిసీమ. నాకు ముందు ముగ్గుర్ని కని ముగ్గుర్నీ మట్టికిచ్చింది. నేను పుట్టిన కొన్నాళ్ళకి పక్కింట్లో పెళ్ళయితే, బంతి లేచాక ఆకులన్నీ దొడ్లో కుప్ప పోశారు. మా అమ్మమ్మ నన్ను చేటలో పెట్టి తీసుకెళ్ళి ఆ కుప్ప మీద పడుకోబెట్టింది. వీపంతా పులుసూ పెరుగూనట. ఆకులెత్తే మనిషి నన్ను తీసుకొచ్చి మా గుమ్మంలో నిలబడి "ఎవరిదమ్మా ఈ పిల్ల?" అని అడిగింది. "నాది కాదు" అంది మా అమ్మ. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే మాట. అప్పుడు ఆవిడకి చేటెడు తవుడు పోసి నన్ను కొనుక్కుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. మా అమ్మ ఆగలేదు. ఆ అబద్ధాన్ని బతికినంత కాలం మోసింది. చల్లపల్లి సంతలో ఎవరైనా "మీ అమ్మాయా?" అంటే చాలు, "మాది కాదమ్మా, ఆకుల్లో దొరికింది" అనేది. నేను టెన్తులో స్కూలు ఫస్టు వచ్చి హెడ్మాస్టరుగారు ఇంటికొచ్చి మెచ్చుకుంటే, "మా పిల్ల అయితే కదండీ మాకు గొప్ప" అంది. ఆయన నవ్వాడు. నేను వంటింట్లో కూచుని ఏడ్చాను. ఇంట్లో మాత్రం నాకు జడ వేసేది ఆవిడే, జ్వరమొస్తే నా కాళ్ళ దగ్గర కూచునేది ఆవిడే. కన్నతల్లేనని తెలుసు. తెలిస్తే మాత్రం, చెవి వినాలనుకున్నది వినాలి కదా.

ఆఖరి రోజుల్లో బందరు ఆస్పత్రిలో ఉంది. నేనే దగ్గరుండి చూసుకున్నాను. నర్సు దుప్పటి మారుస్తూ "అమ్మాయి బాగా చేస్తోంది మామ్మగారూ, మీ కూతురేనా?" అని అడిగింది. మా అమ్మకి అప్పటికి మాట సరిగ్గా రావడం లేదు. అయినా తల అడ్డంగా ఊపింది. కాదని. నాకు అప్పటికి యాభై ఏళ్ళు, కూతురికి పెళ్ళి చేసినదాన్ని. ఇంకా ఎవరిని మోసం చేస్తోంది ఈవిడ అని ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పోయింది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక, కర్మకాండలయ్యేదాకా కంట తడి లేకుండా తిరిగాను.

మా చిన్నప్పుడు ఈ పేరు మా వైపు కొల్లలు. చెరువు గట్టున నిలబడి పుల్లమ్మా అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూసేవాళ్ళు. మగపిల్లలైతే పుల్లయ్యలు. ఒక్కో పేరు వెనకాల చిన్న చిన్న గోతులు ఎన్ని ఉండేవో. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక హాజరు పిలుస్తుంటే ఏటేటా తగ్గిపోతూ వచ్చి, చివరికి స్కూలు మొత్తానికి నేనొక్కదాన్నే మిగిలాను. పురుళ్ళు ఆస్పత్రులకి మారాక చావుతో దొంగాటలాడే అవసరం తగ్గింది. మంచిదే. పేరు పోతే పోయింది, పిల్లలు మిగిలారు.

అందరికీ మిగల్లేదు. మా అమ్మాయికి మిగల్లేదు.

నాకు ఒక్కతే కూతురు. గుడివాడలో కాపురం, గుడ్లవల్లేరు వెళ్ళి ఇంజినీరింగ్ పిల్లలకి పాఠాలు చెప్తుంది. దాని మొదటి బిడ్డ, ఆడపిల్ల, పుట్టి ఆరో నెల నిండకుండా పోయింది. ఆ పిల్లకి కడుపులో ఉండగానే పేరు వెతికి పెట్టుకున్నారు. థర్మోకోల్ అక్షరాలు కత్తిరించి ఉయ్యాల వెనక గోడకి అంటించారు. పిల్ల పోయాక ఆ అక్షరాలు గోడ మీంచి పీకడం మా అల్లుడి వల్ల కాలేదు, నేను పీకాను. సున్నం కూడా ఊడొచ్చింది.

ఇప్పుడు రెండోది. ఇదీ ఆడపిల్లే, ఆరో నెల నడుస్తోంది. నెలలు నిండకుండా పుడితే గాజు పెట్టెలో ఉంచి, బతుకుతుందో లేదో అనిపించి, చచ్చీ చెడీ ఇంటికి తెచ్చుకున్నాం. బారసాల చెయ్యలేదు. మా అమ్మాయి వద్దంది. పేరు పెడితే పోతుందని దాని భయం. "పాప" అంటుంది, అంతే. పాలిస్తుంది, స్నానం చేయిస్తుంది, మందులు గంట తప్పకుండా వేస్తుంది. కానీ పక్కింటివాళ్ళు అప్పజెప్పి వెళ్ళిన పిల్లని చూసుకుంటున్నట్టు చూస్తుంది. ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంటుంది. ఈ కాలపు పిల్ల, తినే దోసెకి కూడా ఫొటో తీసేది, దాని ఫోన్లో కన్నబిడ్డది ఒక్క ఫొటో లేదు. పిల్ల పెద్దదైతే ఈ ముభావం దానికి తెలియకుండా ఉంటుందా? నాకు తెలియలేదూ?

మా అల్లుడు మంచివాడే. పేరొకటి పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని అతని ఆశ. ఫోన్లో పేర్లు వెతుకుతాడు. అర్థం, ఏ భాష, ఎంతమంది పెట్టుకున్నారు అని అన్నీ అందులో ఉంటాయట. ఎవరూ పెట్టుకోనిది కావాలి. నేను గుడివాడ వెళ్ళినప్పుడల్లా "అత్తయ్యగారూ, ఇదెలా ఉందండీ?" అని మొదలు. ఆ ఫోను లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి పేరుకీ లక్ష్మీదేవి అనే అర్థం. ఒకరోజు మురిసిపోతూ "ద్విష" అన్నాడు.

"అంటే పగవాళ్ళని, బాబూ."

"ఇందులో దేవత అని ఉందండీ."

"దేవతని ద్వేషించేవాళ్ళ పేరేమో, సరిగ్గా చూడు."

అతను నవ్వి, మాట మార్చడానికి కాబోలు, నా పేరు కొట్టి చూశాడు. ఈ పేరుకి వివరాలు లేవని వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. నాతోనే పోతుంది.

అప్పటిదాకా మాట్లాడకుండా పాలసీసా కడుగుతున్న మా అమ్మాయి వెనక్కి తిరక్కుండానే "నీ పేరు పెడదామమ్మా" అంది.

నాకర్థం కాలేదు. "ఏం పేరు?"

"నీదే. నువ్వు బతికావుగా."

నాకు కోపం వచ్చింది. చదువుకున్నదానివి, సిగ్గులేదా అన్నాను. ఆ పేరుతో నేనేం పడ్డానో నీకు తెలుసా అన్నాను. పుల్లైసు దగ్గర్నుంచి మా అమ్మ అడ్డంగా ఊపిన తల దాకా అంతా వెళ్ళగక్కాను. అది అంతా విని, చేతులు తుడుచుకుని, "నవ్వితే నవ్వనీ అమ్మా, నవ్వడానికి ఎదురుగా అది ఉంటే చాలు" అంది. అప్పుడు నాకు చేసినట్టే అంతా చేయాలంది. నమ్మకం ఉందో లేదో తెలియదు, డాక్టరు చెప్పినవన్నీ చేసినట్టే ఇదీ చేస్తానంటోంది. నేను అలిసిపోయి సరేనన్నాను.

చేద్దామంటే ఆకులేవీ? ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో ప్లేట్లు పట్టుకుని నిలబడి తినడమేగా. మా అల్లుడు బజారంతా తిరిగి, అరిటాకు బొమ్మ వేసిన కాగితం విస్తళ్ళు పట్టుకొచ్చాడు. చావు అంత వెర్రిది కాదు బాబూ అన్నాను. మళ్ళీ వెళ్ళి నిజం విస్తళ్ళు తెచ్చాడు. ఆకులు కొన్నాం సరే, ఎంగిలెక్కడ కొంటాం? అపార్ట్‌మెంటులో నాలుగు వాటాల వాళ్ళని భోజనానికి పిలిచాం. కారణం చెప్పలేదు. పప్పు, వంకాయ కూర, పులుసు, పెరుగు నేనే చేశాను. కింద కూచోలేక మోకాళ్ళు పట్టుకుంటూ తిన్నారు పాపం. "ఈ రోజుల్లో విస్తట్లో ఎవరు పెడుతున్నారండీ" అని మెచ్చుకుంటూ వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక ఆ ఆకులు లిఫ్టు పక్కన కుప్పగా వేశాను. ఎత్తుకునేది బయటివాళ్ళయి ఉండాలి. నేనే ఎత్తుకుంటానన్నాను. ఆకుల్లో దొరికినదాన్ని, ఏ ఇంటికీ చెందనిదాన్ని, నాకంటే బయటిదెవరు?

పిల్లని కుప్ప మీద పెడితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పులుసంటిన ఆకు గుప్పెట్లో పట్టుకుని నావైపు చూసింది. చెవికి పెరుగంటింది. ఎత్తుకుని గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల మా అమ్మాయి, దాని వెనక చేటలో తవుడు పట్టుకుని మా అల్లుడు.

"ఎవరిదమ్మా ఈ పిల్ల?"

"నాది కాదు" అంది మా అమ్మాయి. నేర్పినట్టే అంది.

"ఎవరిదమ్మా ఈ పిల్ల?"

"నాది కాదు." అంటూనే గడప మీదికి వచ్చింది.

మూడోసారీ అడిగాను. అది పిల్ల చెవికంటిన పెరుగు వైపు చూస్తోంది.

"నాదే అమ్మా" అంది. "నాది. నా కూతురు. ఇలా ఇవ్వు."

నా చేతుల్లోంచి లాక్కుంది. చున్నీతో చెవి తుడిచి, ఆ పులుసులోనే, ఆ పెరుగులోనే మొహం పెట్టి ఏడ్చింది. ఆర్నెల్ల నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. మా అల్లుడు బిత్తరపోయి "అలా అనకూడదేమో కదండీ అత్తయ్యగారూ" అన్నాడు. నేను గోడకి జారబడి కూచున్నాను. ఆ ఒక్క మాట కోసం జీవితమంతా చూశాను. నాకోసం కాకపోయినా నా చెవిన పడింది. సంతోషమే. అసూయ కూడా, ఎందుకు దాచాలి. అన్నిటికన్నా ఎక్కువ భయం. దాని మాటతో పిల్లకి ఉన్న ఆ ఒక్క అడ్డూ పోయింది.

సాయంత్రం పిల్లకి పేరు పెట్టుకున్నారు. మా అమ్మాయే చెప్పింది. ఏం పేరో ఇక్కడ రాయను, దాని పేరు అది చెప్పుకుంటుంది. నాది మాత్రం కాదు.

మర్నాడు గుడివాడలో బస్సెక్కాను. గుడ్లవల్లేరు దాటుతుండగా ఫోను మోగింది. మా అమ్మాయి ఫొటో పంపింది. పిల్ల బోసినోటితో నవ్వుతోంది. అదే మొదటి ఫొటో. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసుకున్నాను. పక్క సీటులో ఒకావిడ, పెడన దిగాల్సిన మనిషి, తొంగి చూసి "ముద్దుగా ఉందండీ. మీ మనవరాలా?" అంది.

అవునందామని నోరు తెరిచాను. ఆ అవునన్నది ఎవరి చెవిన పడుతుందోనని ఆగిపోయాను.

"మాది కాదండీ" అన్నాను. "ఆకుల్లో దొరికింది."

ఆ మాట అనడం ఎంత కష్టమో అన్నాక తెలిసింది. ఆస్పత్రి మంచం మీద, ఒంట్లో ఓపిక లేకపోయినా, మా అమ్మ ఈ బరువే ఎత్తింది. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ఆవిడకి పెట్టిన బాకీ కాబోలు.

పక్క సీటావిడ నా మొహం, ఫొటోలో పిల్ల మొహం మార్చి మార్చి చూసింది.

"ముక్కు మాత్రం మీదేనండీ" అంది.