తట్టి నింపిన గ్లాసు

దర్జీ కొట్టులో ఆవిడని అందరూ కాజాల పిన్ని అంటారు. చొక్కాలకి కాజాలు కుట్టడం, గుండీలు వేయడం ఆవిడ పని. పొద్దస్తమానం తల వంచుకుని కూర్చుంటుంది. ఇంటికెళ్లి తాళం తీశాక తలెత్తి చూడటానికి అక్కడ ఎవరూ ఉండరు. అక్క ఉన్నన్నాళ్లూ పక్క వాటాలోంచి గోడ తట్టి పిలిచేది. అక్క పోయాక అందులోకి వేరేవాళ్లు వచ్చారు. వాళ్లు గోడకి మేకు కొట్టుకున్నా కాజాల పిన్ని "ఆఁ, వస్తున్నా" అనబోయి నాలిక్కరుచుకుంటుంది.

అలాంటిది, ఓ సాయంత్రం ఫోన్ మోగింది. వేరే ఊళ్లో కాపురముంటున్న అక్క కూతురు.

"పిన్నీ, అమ్మ చేసే అనాస జామ్‌కి కొలతలేంటి?"

"మూడు గ్లాసుల ముక్కలకి గ్లాసు పంచదార. అంతేనే."

"ఏ గ్లాసు? మా ఇంట్లో ఉన్నవన్నీ తలో సైజు. గ్రాముల్లో చెప్పు, తూకం మిషన్ కొన్నాను."

అక్క వాడిన సొట్ట గ్లాసు పిన్ని దగ్గరే ఉంది. అర లీటరు పాలు దానికి సరిగ్గా రెండుసార్లు వస్తాయి. అంటే గ్లాసు పావు కిలో అనుకుని, ముప్పావు కిలో ముక్కలకి పావు కిలో పంచదార చెప్పేసింది.

మర్నాడే మళ్లీ ఫోన్.

"పిన్నీ, జామ్ కాదు, జావ అయింది! మా ఆయన గ్లాసులో పోసుకుని తాగుతానంటున్నాడు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. పాలు గ్లాసంతా పరుచుకుంటాయి, ముక్కల మధ్య సందులుంటాయి. ఆ సంగతి అప్పుడు తట్టింది పిన్నికి. వెళ్లి కిరాణా కొట్టాయన్ని చిన్న కాటా అడిగింది.

"ఏంటక్కా, నాకు పోటీ కొట్టు పెడుతున్నావా?"

"పెడితే నీ అరువు బేరాలన్నీ నాకే వస్తాయిలే."

పండు తరిగి గ్లాసుతో కొలిచి తూచింది. గ్లాసు ముక్కలు నూట యాభై గ్రాములు, గ్లాసు పంచదార రెండు వందల పది. అదే చెప్పింది. ఆదివారం మళ్లీ ఫోన్ వచ్చింది.

"గట్టిపడింది పిన్నీ, తీపి కూడా ఎక్కువైంది. బాగానే ఉంది కానీ, అమ్మది కాదు."

"ఉండవే, మళ్లీ చూస్తా."

ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుమొహంతోనే ఉండిపోయింది పిన్ని. ఇంకా కుదరలేదంటే ఇంకో ఫోన్ ఉన్నట్టే.

మళ్లీ ఓ పండు తెచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. తన చేతికి పెద్ద ముక్కలే అలవాటు. అక్క సన్నగా తరిగేది. గ్లాసు సగం నిండగానే గట్టు మీద టకటకా తట్టి, ముక్కలు దిగాక మళ్లీ నింపేది. గోడ తట్టే చేత్తోనే. పిన్ని అలాగే తరిగింది, అలాగే తట్టింది. కాటా నూట ఎనభై చూపించింది.

ఈసారి తనే ఫోన్ చేసింది. నూట అరవై అని తప్పు చెబితే మళ్లీ కుదరదు, మళ్లీ అడుగుతుంది. ఆ అంకె నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అవతల ఉన్నది అక్క బిడ్డ, అడుగుతున్నది తల్లి చేతి రుచి.

"నూట ఎనభై. మూడు గ్లాసులకి ఐదు వందల నలభై. పంచదార అదే రెండు వందల పది. ముక్కలు సన్నగా తరుగు."

రెండ్రోజులకి ఫోన్ వచ్చింది. అవతల ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అమ్మదే పిన్నీ. అచ్చం అమ్మదే. ఇక నిన్ను విసిగించన్లే."

"విసుగేముందే, నువ్వు..." అనేలోపే ఫోన్ కట్టయింది.

మర్నాడు కాటా గుడ్డలో చుట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లింది.

"జామ్ అయిందా అక్కా?" అన్నాడతను చెయ్యి చాపుతూ.

పిన్ని కాటా ఇవ్వలేదు. గుడ్డ ముడి సవరించుకుంది.

"అది అయింది. ఇంకో నాలుగు రోజులు ఉంచుకోనా తమ్ముడూ? జామపండు కూడా తూచి చూడాలి."

"అదెవరడిగారు?"

"అడుగుతారు," అంది పిన్ని.