సున్నాకు మార్కుల్లేవట

ఈ రోజు నిజామాబాద్‌లో మా అమ్మాయి స్కూలుకు వెళ్లి, లెక్కల సారుతో గొడవ పెట్టుకుని వచ్చాను. బోధన్ బస్సెక్కి కూర్చున్నాక కూడా కోపం దిగలేదు.

పరీక్షలో x³ − 5x² + 6x = 0 కు మూలాలు కనుక్కోమన్నారు. మా అమ్మాయి సున్నా, రెండు, మూడు అని రాసింది. సారు ఎర్ర పెన్నుతో సున్నాను కొట్టేసి మార్కులు కోశాడు. ఆయన నేర్పిన పద్ధతిలో ముందే అన్నిట్లోంచి ఒక x ను కొట్టేయాలి, మిగిలినదానికే మూలాలు చూడాలి. ఆ x తో పాటు ఒక మూలం కూడా పోయిందని ఆయనకు తట్టనే లేదు.

"సార్, x జాగల సున్నా పెట్టి చూడుండ్రి. సరిపోతలేదా?" అన్నాను.

"సరిపోతది మేడం. గని సున్నా అంటే ఏం లేనట్టే గదా, గది గూడ ఒక జవాబేనా? క్లాసంత రెండే మూలాలు రాసిండ్రు. మీ బిడ్డ ఒక్కతే గిట్ల రాసింది."

క్లాసంతా తప్పు రాస్తే ఒప్పైపోతుందా అని అరిచాను. స్టాఫ్‌రూమంతా తిరిగి చూసింది. మార్కులు మాత్రం కలపలేదు.

బస్సులో మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "గింత లొల్లి ఎందుకమ్మా? వచ్చే పరీక్షల నేను గూడ రెండే రాస్త తియ్."

సారు మీద కోపం రేపటికైనా తగ్గుతుందేమో. కానీ మా అమ్మాయి మాటకు మీరైతే ఏం చెప్పేవారు?